ఎర్ర సీసా దించిన వారం

మే నెల చివర, లార్చ్ చెట్లకు సూదుల్లాంటి కొత్త ఆకులు మొలిచి కొండంతా పచ్చటి పొగ కమ్మినట్టు కనిపించే రోజున, ఆర్డిత్ ఎర్ర సీసాను మేకుకు తగిలించేది. అప్పటికి మెర్ల్ ఇంకా ట్రెయిలర్ చక్రాల కింద చెక్కలు దూరుస్తూ, నేల ఎటు వాలిందో చూసుకుంటూ, తన మోకాళ్ళను తానే తిట్టుకుంటూ ఉండేవాడు.

"ఇల్లు నిలబడకముందే పిట్టలకి భోజనమా?" అనేవాడు.

"ఇల్లు వంకరగా ఉన్నా నువ్వు తింటావు. అవి మెక్సికో నుంచి ఎగురుకుంటూ వచ్చాయి. ఆగవు" అనేది ఆవిడ.

నిజంగానే ఆగేవి కావు. సీసా ఊగడం మానకముందే ఒక మెరుపు వచ్చి దాని ముందు గాలిలో నిలబడేది. బొటనవేలంత తేనెపిట్ట. రెక్కలు కనిపించవు, వాటి చప్పుడే కనిపిస్తుంది. సీసా అడుగున రేకు పూలు నాలుగు, ఒక్కో పూవుకూ సూది మొనంత రంధ్రం, లోపల చక్కెర నీళ్ళు. ఆర్డిత్ బడి బస్సు నడపడం మానేసిన రోజున ఆరో నంబరు బస్సు పిల్లలంతా కలిసి ఇచ్చిన బహుమానం అది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ ఆ బస్సు నడిపింది. మోంటానాలో మా లోయ రోడ్లు ఎలాంటివో మాకు తెలుసు. సగం ఏడు మంచు, మిగతా సగం బురద. రోజు చివర ఆఖరి పిల్లవాడు దిగిపోయాక కూడా ఆవిడ ఇంజను ఆపి, లేచి, బస్సు చివరి సీటు దాకా నడిచేది. వరసల మధ్య వంగి చూసేది. ఏ పసివాడైనా నిద్రపోయి దిగడం మరిచాడేమోనని. చివరికి వెళ్ళి, "ఖాళీ" అని పైకే అనేది. వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా అనేది. అనకపోతే ఆ రోజు ముగిసినట్టు కాదు.

మెర్ల్ సామిల్లులో రంపాలకు పదును పెట్టేవాడు. మిల్లు మూతపడ్డా ఆయన వేళ్ళు మూతపడలేదు. లోహం మీద బొటనవేలు ఆనిస్తే ఎక్కడ మొద్దుబారిందో చెప్పేవాడు. మాట తక్కువ. ఉన్న కాసిన్ని మాటలూ భార్యను ఏడిపించడానికే దాచుకున్నట్టు ఉండేవాడు.

ఉద్యోగాలు అయిపోయాక ఇద్దరూ పాత ట్రెయిలర్ ఒకటి తెచ్చుకుని టామరాక్ వంపుకు వచ్చారు. ఏరు కొండను ఆనుకుని తిరిగేచోట, చెట్ల కింద, డేరాలు వేసుకునేందుకు ఇరవై రెండు చోట్లు ఉన్నాయి. వేసవంతా అక్కడే ఉండి, వచ్చినవాళ్ళకు చోటు చూపించాలి, మరుగుదొడ్లు కడగాలి, నెగడు గుంటల్లో బూడిద ఎత్తాలి, రాత్రి పది దాటాక గిటారు వాయించేవాళ్ళను బతిమాలాలి. జీతం లేదు. మొదటి చోటు వాళ్ళది, ఏటి చప్పుడు వాళ్ళది, అంతే. అలా పదకొండు వేసవులు. దారి అడిగితే మేం కూడా "ఎర్ర సీసా దగ్గర ఎడమకి తిరగండి" అనేవాళ్ళం. నేను ఏటా దిగే తొమ్మిదో చోటు నుంచి చూస్తే పొద్దుటి ఎండలో ఆ సీసా, ఎవరో వెలిగించి ఆర్పడం మరిచిన దీపంలా ఉండేది.

పన్నెండో వేసవిలో దాని వెలుగు ఒక ప్రాణం మీదికి వచ్చింది.

ఆ ఏడు జూన్‌లో రెండు రాత్రులు గడ్డకట్టే చలి కొట్టింది. హకిల్‌బెర్రీ పొదల పూత మాడిపోయింది; ఎలుగుబంట్లకు ఆ పళ్ళే ఆధారం. ఆగస్టు వచ్చేసరికి ఊదారంగు తిరగాల్సిన కింది కొండలు ఉత్త పచ్చగా, అబద్ధంలా నిలబడ్డాయి. నెలాఖరులో ఒక మంగళవారం మధ్యాహ్నం పద్నాలుగో చోటులో దిగినవాళ్ళు ఏటి ఒడ్డుకు స్నానానికి వెళ్ళొచ్చేసరికి వాళ్ళ ఐసు పెట్టె బోర్లా పడి ఉంది. పంది మాంసం రెండు పొట్లాలు లేవు. మూత మీద ఐదు గీతలు, దువ్వెనతో గీసినట్టు.

చూసినవాళ్ళు చెప్పారు: రెండేళ్ళ మగ ఎలుగుబంటి. తల్లి తరిమేసే వయసు. ఒళ్ళంతా దాల్చినచెక్క రంగు, ఎడమ చెవికి పసుపు బిళ్ళ.

బుధవారం పొద్దున్నే అడవి జంతువుల శాఖ నుంచి ఎమెట్ వచ్చాడు. నలభై ఆరేళ్ళవాడు, నడుముకు తుపాకి, మొహం మీద గడ్డం. ట్రెయిలర్ ముందు బల్ల దగ్గర నిలబడి మాట్లాడబోయాడు.

"ఎమెట్, టోపీ తీసి కూర్చో" అంది ఆర్డిత్.

తీసి కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళు ఆవిడ బస్సులో మూడో వరస కిటికీ పక్కన కూర్చున్నవాడు మరి.

"ఈ కుర్రాణ్ణి నేనెరుగుదును మిసెస్ హాగ్‌స్టాడ్" అన్నాడు. "ఆ చెవి బిళ్ళ నేను వేసిందే. వసంతంలో పడమటి లోయలో ఎవరివో కోళ్ళ దాణా తిన్నాడు. పట్టుకుని నలభై మైళ్ళు మోసుకొచ్చి ఈ కొండమీద వదిలాను. అది ఒకటి. నిన్నటి పంది మాంసం రెండు. మూడోది ఉండదు."

"ఉండదంటే?"

ఎమెట్ టోపీ అంచు తిప్పాడు. "మీకు తెలుసు కదా."

"మళ్ళీ ఇంకెక్కడికైనా తీసుకుపో."

"తీసుకుపోతే అక్కడా ఎవరిదో పెట్టె ఉంటుందండీ. మనిషి తిండి మరిగినవాడికి ఆకలేస్తే అడవి వైపు చూడడు, పొగ వైపు చూస్తాడు. ఇవాళ పెట్టె, రేపు డేరా. డేరాలో ఎవరో ఒకరు పడుకునుంటారు."

మెర్ల్ కాఫీ పోసి అతని ముందు పెట్టాడు. "మరి దారే లేదంటావా?"

"ఒకటుంది. పై కొండమీద మంచు ఆలస్యంగా కరిగింది, పూత ఆలస్యంగా వచ్చింది. పళ్ళు ఇప్పుడిప్పుడే రంగు తిరుగుతున్నాయి. కింద నాలుగు రోజులు నోటికేమీ తగలకపోతే వాడే ఎక్కుతాడు. సోమవారం మధ్యాహ్నం బోను బండితో వస్తాను. ఈ లోపల ఒక్క ముద్ద తిన్నాడా, బోను పెట్టక తప్పదు. తర్వాతి పని కూడా నేనే చెయ్యాలి."

"శుక్రవారం నుంచి సెలవులు. ఇరవై రెండు చోట్లూ నిండుతాయి" అంది ఆర్డిత్. "మూసేస్తే?"

"మూస్తే రోడ్డు పక్క చెట్లకింద దిగుతారు. అక్కడ మీరుండరు."

ఆ మాట ఆవిడకు పతకంలా తగిలింది. బరువుగా కూడా తగిలింది.

ఆ రోజంతా ఆవిడ చోటు చోటుకూ తిరిగింది. ప్రతి చోటులోనూ ఎలుగుబంటి తెరవలేని ఉక్కు పెట్టె ఉంది. గొళ్ళెం లోపలికి వేలు పెట్టి నొక్కితేనే తెరుచుకుంటుంది. ముక్కుకు వాసన వచ్చేదేదైనా అందులోనే ఉండాలి. తిండే కాదు, పళ్ళపొడి, సబ్బు, కుక్క బిస్కెట్లు కూడా. ఆర్డిత్ గొంతు అవతలి గట్టున కూడా వినిపించింది. "అది బల్ల మీద ఎందుకుంది? మీ ఇంట్లో అల్మారా లేదా?" జనం తలలూపారు. ఆవిడ మలుపు తిరగ్గానే సంచులు మళ్ళీ బయటికి వచ్చాయి.

"నీ కేకలకి లార్చ్ చెట్లు ముందే ఆకులు రాల్చేస్తాయేమో" అన్నాడు మెర్ల్, సాయంత్రం.

"నువ్వు నోరు తెరిస్తే నేను మూసుకుంటాను."

"నాకంత అదృష్టమా."

గురువారం తెల్లవారింది. ఏటి మీద పొగమంచు ఇంకా లేవలేదు. ఆర్డిత్ కాఫీ కప్పుతో మెట్టు దిగి, దిగిన చోటే నిలబడిపోయింది.

ఎర్ర సీసా నేల మీద ఉంది. పగల్లేదు. రేకు పూలు నాలుగూ అణగిపోయాయి. లోపల చుక్క లేదు. మేకు కొట్టిన కొయ్య గుంజ మీద, ఆవిడ తలకంటే ఎత్తున, ఐదు గీతలు. వాటి కింద ఇంకో ఐదు. వాటి కింద ఇంకా. కొన్ని తాజావి, తెల్లగా, తడిగా. కొన్ని పాతవి, కారిన బంక గట్టిపడి తేనెరంగుకు తిరిగింది.

ఆవిడ ఆ పాత గీతల మీద వేలు పెట్టింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మూడు వారాలుగా పొద్దున్నే సీసా ఖాళీగా ఉండటం. ప్రయాణానికి ముందు పిట్టలకు ఆకలి పెరిగిందని తాను మురిసిపోవడం. సాయంత్రం కూడా నింపడం మొదలుపెట్టడం. నిండా నింపి, ఇంకో గరిటె చక్కెర ఎక్కువే వేసి, పిల్లల డబ్బాలో మిఠాయి దాచిన తల్లిలా సంతోషపడటం.

"మెర్ల్" అంది. "వాడికి ఈ చోటు నేర్పింది నేనే."

మెర్ల్ వచ్చి గుంజ చూశాడు, నేల చూశాడు, భార్య మొహం చూశాడు. ఏడిపించే మాట ఒకటి నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. నెమ్మదిగా అన్నాడు: "ఎవరూ చూడలేదు ఆర్డిత్. గుంజ పీకేస్తాను. సీసా దాచేస్తాను. నిన్న ఎమెట్ ఏమన్నాడో విన్నావు కదా. ఇది మూడోది అంటాడు."

"అంటాడు."

"అంటే నువ్వు చెప్పి వాణ్ణి చంపించినట్టు."

"చెప్పకపోతే? వాడెందుకు వస్తున్నాడో ఎమెట్‌కి తెలియదు. తెలియనివాడు ఎలా ఆపుతాడు?" ఆవిడ కప్పులోని కాఫీ పారబోసి, పారబోసిన చోటు చూసి, "ఇదీ వాసనే" అని తనను తాను తిట్టుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి, అడవి జంతువుల శాఖతో మాట్లాడే రేడియో అందుకుంది.

ఎమెట్ గంటలో వచ్చాడు. ఈసారి చెప్పకముందే టోపీ తీశాడు. గీతల్లో గోరు పెట్టి బంక గిల్లాడు. "ఇది మూడు వారాలది" అన్నాడు. "పంది మాంసానికి ముందే ఇక్కడ తాగాడు. మీ సీసా కోసం వచ్చి, పక్కన వాసనేస్తే పద్నాలుగుకి వెళ్ళాడు."

"ఇరవై రెండు చోట్లలో అందరికీ పాఠాలు చెప్పాను ఎమెట్. నా ఇంటి ముందు మాత్రం మిఠాయి దుకాణం పెట్టాను."

ఎమెట్ ఏటి వైపు చూశాడు. సీసా లేని చోట, సరిగ్గా రేకు పూలుండే ఎత్తున, తేనెపిట్ట ఒకటి వచ్చి గాలిలో నిలబడింది. లేని పూవును పొడిచింది. వెనక్కి తగ్గి మళ్ళీ పొడిచింది. ముగ్గురూ చూశారు.

"నిన్న చెప్పిన ప్రకారమైతే ఇవాళే బోను తేవాలి" అన్నాడు ఎమెట్. "కానీ ఎక్కడినుంచి అలవాటైందో దొరికితే ముందు దాన్ని తీసేసి చూడమని కూడా మా రూల్లో ఉంది. నిన్న నాకది దొరకలేదు. ఇవాళ మీరు చేతిలో పెట్టారు. సోమవారం మధ్యాహ్నం. అంతకంటే ఒక్క గంట కూడా ఇవ్వలేను."

లేచి రెండడుగులు వేసి ఆగాడు. "మీరు చెప్పకపోయుంటే ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలిసేది కదా" అంది ఆర్డిత్. "పో, టోపీ పెట్టుకో, ఎండగా ఉంది."

ఆ మధ్యాహ్నం మెర్ల్ గుంజ ముందు బోర్లా పడుకోవడం మా కంటపడింది. గుండె పట్టేసిందేమోనని పరిగెత్తాం. ఆయన చీమల్ని చూస్తున్నాడు.

"మూడు నెలలు చక్కెర కారింది ఇక్కడ" అన్నాడు. "కంటికి కనపడదు. వాటిని అడుగుతున్నా."

చీమలు ఎక్కడ ఆగితే అక్కడ చాకు గుచ్చి గుర్తు పెట్టాడు. గుర్తుల వెంబడి తవ్వాడు. మోకాలి లోతు మట్టి తీసి బకెట్లలోకి ఎత్తాడు. మళ్ళీ పడుకుని చూశాడు, మళ్ళీ తవ్వాడు. పదిహేడు బకెట్లు. అన్నీ మూతలు బిగించి, ట్రక్కులో వేసి ఊరికి పంపించాడు. గుంజను పీకలేదు. రెండు పిడుల చెక్కుడు కత్తితో చుట్టూ చెక్కాడు. కత్తి ఎంత పదునంటే కొయ్య రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ లేచింది. చక్కెర తాగిన పొర అంతా పోయాక లోపల కొత్త కొయ్య, పాల మీగడ రంగులో బయటపడింది. అప్పుడు దాని మీద వెనిగర్ పోసి రుద్దాడు.

"పీకేస్తే పోయేదిగా" అన్నాను.

"పీకేస్తే వాడు పక్క చెట్టులో వెతుక్కుంటాడు. ఇక్కడికే వచ్చి, ఇక్కడే లేదని తెలుసుకోవాలి" అన్నాడు. మెర్ల్ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను అదే వినడం.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి బళ్ళు రావడం మొదలైంది. ప్రతి ఏటా ఆ సాయంత్రం మెర్ల్ ఇనప కుండలో, బొగ్గుల మీద పీచ్ పళ్ళతో తీపి వంటకం చేసి అందరికీ పెట్టేవాడు. ఆ వాసన కోసమే వచ్చేవాళ్ళు కొందరు. ఈసారి కుండ కడిగి బోర్లించి ఉంది. దాని బదులు, వంపులోకి దిగే దారి మధ్యలో ఆర్డిత్ నిలబడి ఉంది. ఒక చేతిలో, బస్సు దిగి పిల్లల్ని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకునే పలక. ఎర్రటిది, గుండ్రటిది, ఆగమని రాసి ఉన్నది. మెడలో, తాడుకు కట్టిన ఎర్ర సీసా.

ప్రతి బండినీ ఆపింది. ప్రతి కిటికీ దగ్గరికీ వెళ్ళింది. కేక వెయ్యలేదు.

"నా పేరు ఆర్డిత్. ఈ చోటు చూసుకునేది నేనే. రెండేళ్ళ ఎలుగుబంటికి మూడు వారాలు తీపి తాగించింది కూడా నేనే. ఇదిగో సీసా. పిట్టలనుకున్నాను. సోమవారంలోగా వాడు ఇంకో ముద్ద తింటే వాణ్ణి కాల్చేస్తారు. నా తప్పుకి వాడు పోతాడు. మీ దగ్గరేముందో చెప్తారా?"

నిలదీస్తే దాచేవాళ్ళు, ఇది విని ఏం చెయ్యాలో తోచక మొహాలు చూసుకున్నారు. ముందుగా ఏడో చోటుకు వెళ్ళే చర్చి పాటల బృందం ముసలావిడ నోరు విప్పింది.

"దిండు కింద... పిప్పరమెంటు బిళ్ళలుంటాయండీ. నలభై ఏళ్ళుగా. మా ఆయనకి కూడా తెలియదు."

"ఇప్పుడు తెలిసింది!" అన్నాడు పక్కన స్టీరింగు పట్టుకున్నాయన. "నా నోరు వాసనొస్తోందని నన్నే తోముకోమనేదానివి కదే!"

ఇక ఆగలేదు. ఒకామె పడక సంచిలోంచి చాక్లెట్లు తీసింది. ఒకాయన సీటు కింద నుంచి కుక్క బిస్కెట్లు లాగాడు. తీరా చూస్తే వాళ్ళకు కుక్క లేదు. చేపలు పట్టడానికి తెచ్చిన మొక్కజొన్న గింజలు, పెదాలకు రాసుకునే స్ట్రాబెరీ మైనం, డేరాలో వేలాడదీసే కొబ్బరి వాసన బిళ్ళలు. నాకూ ఒకటుంది. పదకొండేళ్ళుగా కుర్చీ జేబులో దాచుకునే పొగపెట్టిన చేప ముక్కల డబ్బా. తీసుకెళ్ళి ఉక్కు పెట్టెలో పెట్టి గొళ్ళెం వేశాను. వేశాక వెనక్కి వెళ్ళి మళ్ళీ ఒకసారి లాగి చూశాను.

ఒక్క లైల్ బర్చం మాత్రం నవ్వాడు. మూడో చోటుకు వచ్చాడు, బస్సంత బండి ఇల్లు, దాని వెనక ఇంకో కారు.

"మా తాతగారి ఊళ్ళో ఎలుగుబంట్లకి మేమే రొట్టెలు వేసేవాళ్ళం. ఏమీ అయ్యేది కాదు" అన్నాడు.

"వాటికేమైందో మీ తాతగారు మీకు చెప్పుండరు" అంది ఆర్డిత్. పలక దించి దారి ఇచ్చింది.

అతను దిగీదిగగానే పెద్ద ఇనప పొయ్యి బయట పెట్టి మాంసం కాల్చాడు. కొవ్వు చిటపటలాడింది. వాసన వంపంతా తిరిగింది. తిన్నాక పళ్ళేలు లోపలికి వెళ్ళాయి, పొయ్యి బయటే ఉంది. పొద్దు వాలుతుండగా మెర్ల్ ఆ చోటుకు వెళ్ళాడు. ఒక్క మాట కూడా ఎలుగుబంటి గురించి ఎత్తలేదు.

"మీ మాంసం కత్తి మొద్దుబారిందండీ. ఇక్కడి నుంచే వినపడింది."

"వినపడిందా?"

"కొయ్యట్లేదు, నములుతోంది. ఇలా ఇవ్వండి."

లైల్ ఇచ్చాడు. మెర్ల్ మెట్టు మీద కూర్చుని, జేబులోంచి ఆకురాయి తీసి, అరగంట నూరాడు. లైల్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత మెర్ల్ కాగితాన్ని గాలిలో పట్టుకుని కత్తితో తాకించాడు. కాగితం తనంతట తానే రెండైనట్టు విడిపోయింది. లైల్ నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు మూయకముందే మెర్ల్ గుడ్డ అడిగి, వెనిగర్ బుడ్డి తీసి, ఇనప పొయ్యి కడ్డీ కడ్డీ తుడవడం మొదలుపెట్టాడు. ఊరుకుని చూడలేక లైల్ కూడా ఒక గుడ్డ పట్టాడు. చీకటి పడే వేళకు ఇద్దరూ పొయ్యి కింద కారిన కొవ్వు మట్టిని పారతో ఎత్తుతున్నారు.

శనివారం వేకువన వాడు వచ్చాడు.

వెలుతురు ఇంకా ఒక రంగుగా మారలేదు. డేరాల సందుల్లోంచి, కిటికీల్లోంచి మేమంతా చూస్తున్నాం. ఎవరూ పిలవకుండానే అందరం లేచాం. చెట్ల మధ్య నుంచి ఒక దాల్చిన రంగు నడక. నేరుగా మొదటి చోటుకు. గుంజ ముందు రెండు కాళ్ళ మీద లేచాడు. మేకు ఉండే చోటికి మూతి చాచాడు. నాకాడు. తల విదిలించాడు. కిందికి దిగి, మెర్ల్ తవ్విన గుంతలో ముక్కు పెట్టి చాలాసేపు ఉండిపోయాడు, ఉత్తరం చదివినట్టు. ట్రెయిలర్ కిటికీలో ఆర్డిత్ రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

అక్కడి నుంచి రెండో చోటు. తర్వాత మూడు. ఇనప పొయ్యి దగ్గర ఆగాడు. కడ్డీ మీద మూతి ఆనించాడు. లైల్ కిటికీ తెర కదలడం కనిపించింది. వాడు నాలుక బయటికి తీసి ఒక్కసారి నాకి, ఒళ్ళంతా కుదిపేసేలా తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. పొయ్యి వైపు తీవ్రమైన అవమానంతో చూసి పక్కకు తప్పుకున్నాడు. నాలుగు, ఐదు, తొమ్మిది. నా కుర్చీ జేబు వాసన చూశాడు. పద్నాలుగు దగ్గర ఉక్కు పెట్టెను పంజాతో కొట్టాడు. గొళ్ళెం నవ్వినట్టు చప్పుడు చేసింది. ఇరవై రెండూ తిరిగి, ఖాళీ నోటితో చెట్లలోకి వెళ్ళిపోయాడు.

ఆ పగలు ఎమెట్ రేడియోలో చెప్పాడు: "ఏమీ దొరక్కపోవడమే కాదు, ఇక్కడ ప్రశాంతం కూడా లేదని తెలియాలి. రేపు వస్తే చప్పుడు చెయ్యండి. దగ్గరికి పోవద్దు. గుమ్మాల్లోంచే."

ఆదివారం వేకువన వాడు అడవి అంచుకు రాగానే మొదటి చప్పుడు మూడో చోటు నుంచి వచ్చింది. లైల్ బర్చం, చారల పైజమాలో, తన బండి ఇంటి గుమ్మంలో నిలబడి వేయించే పెనం మీద గరిటెతో వాయిస్తున్నాడు. దాని వెనక ఇరవై ఒక్క చోట్లు. మూతలు, గిన్నెలు, ఏడో చోటు పాటల బృందం నాలుగు గొంతుల్లో సాగదీసిన ఒకే కేక. చిట్టచివర ఆర్డిత్, మెట్టు మీద నిలబడి, ముప్పై ఒక్క ఏళ్ళు వెనక సీట్ల దాకా వినిపించిన గొంతుతో: "నీ స్టాపు ఇది కాదు నాయనా! పైకెళ్ళు!"

వాడు ఆగాడు. మా అందరినీ ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగి ఏరు దాటాడు; నీళ్ళు వాడి చుట్టూ తెల్లగా లేచాయి. అవతలి గట్టున ఒళ్ళు దులుపుకుంటే చుక్కలన్నీ అప్పుడే తగిలిన ఎండకు వెలిగి ఆరిపోయాయి.

సోమవారం వేకువన ఎవరూ రాలేదు. అందరం పెనాలు పట్టుకుని ఎదురుచూశాం. పిట్టలు కూశాయి. ఏరు తన పని తాను చేసుకుంది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. బళ్ళు సర్దుకోవాల్సినవాళ్ళు సర్దుకోలేదు. ఆర్డిత్ అంట్లు కడిగిందే కడిగింది.

"రాలేదంటే తినలేదని కాదు" అంది. "కింద ఇళ్ళ వైపు పోయుంటే?"

"పోయుంటే ఎమెట్ ఈపాటికి వచ్చేవాడు" అన్నాడు మెర్ల్.

"నీకెలా తెలుసు?"

"తెలీదు. నువ్వు పళ్ళేలకి బొక్కలు పెడుతున్నావని అన్నాను."

సరిగ్గా మధ్యాహ్నం బోను బండి వచ్చింది. లావుపాటి ఇనప గొట్టంలాంటి బోను, వెనక జారుడు తలుపు. ఎమెట్ దిగాడు. బూట్లు మోకాళ్ళ దాకా తడి, చొక్కాకు ముళ్ళు, చేతిలో పొడుగు పార. పార మీద ఏదో కొమ్మలతో కప్పి ఉంది. మేం నలభై మందిమి చుట్టూ చేరాం.

"తెల్లారక ముందే ఏటి దగ్గర బండి ఆపి కొండెక్కాను" అన్నాడు. "రెండు వేల అడుగులు. ఏరు దాటిన అడుగులు పట్టుకునే వెళ్ళాను. పిల్లబాటలోకి కూడా దిగలేదు, నిటారుగా ఎక్కాడు." పారను ఆర్డిత్ ముందు బల్ల మీద, రాణి ముందు పెట్టినట్టు పెట్టి, కొమ్మలు తీశాడు.

ఎలుగుబంటి పేడ. ముద్దంతా ఊదా. హకిల్‌బెర్రీ తొక్కలు, గింజలు, ఆకులు. ఎండ పడితే ముదురు నీలంలోంచి ఎరుపులోకి తిరిగే ఊదా.

"ఇంకేం లేదా అందులో?" అంది ఆర్డిత్.

"పుల్లతో కెలికి చూశాను. పళ్ళు తప్ప ఏమీ లేవు. వాణ్ణి కూడా చూశాను. పొదల్లో బోర్లా పడుకుని రెండు చేతుల్తోనూ దూసుకుంటున్నాడు. నన్ను చూసి గుర్రుమని పరిగెత్తాడు. మనిషిని చూసి పరిగెత్తాడండీ!"

ఆర్డిత్ బల్ల మీదికి వంగింది. ముక్కు దాకా వంగి వాసన చూసింది. లేచేసరికి ఆవిడ కళ్ళు, బుగ్గలు, మెడలోని ఎర్ర సీసా, అన్నీ తడి. "ఉద్యోగం మానేసినప్పుడు కూడా నాకెవరూ ఇంత మంచి బహుమానం తేలేదు" అంది.

"నేనింకా రోడ్డు పక్క పూలు కోసిస్తున్నాను, వెర్రివాణ్ణి" అన్నాడు మెర్ల్.

అప్పుడు పగిలింది నవ్వు. నలభై మంది నవ్వు. లైల్ పెనం మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఇంక అందరూ అందుకున్నారు. ఏడో చోటు ముసలావిడ భర్త చెయ్యి పట్టుకుని పిప్పరమెంటు ఒకటి ఆయన నోట్లో పెట్టింది. మెర్ల్ ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి బోర్లించిన ఇనప కుండ తిప్పాడు. మూడు రోజులు ఆలస్యంగా, మిట్టమధ్యాహ్నం, పీచ్ పళ్ళ వాసన వంపంతా తిరిగింది. ఆఖరి చెంచా దాకా తిన్నాం, కుండ ఇసుకతో తోమాం, తోమిన ఇసుక కూడా ఎత్తేశాం.

బళ్ళు ఒక్కొక్కటే బయల్దేరాయి. ఆర్డిత్ దారి మధ్యలో పలక పట్టుకుని నిలబడింది. ఈసారి పలక రెండో వైపు, నెమ్మదిగా వెళ్ళమని రాసిన వైపు. ప్రతి బండీ ఆవిడ పక్కకు రాగానే హారన్ మోగించింది. లైల్ బండి ఇంటి హారన్‌కు కొండ రెండుసార్లు బదులు చెప్పింది. మెర్ల్ నూరిన కత్తిని అతను కిటికీలోంచి జెండాలా ఊపాడు. "లోపల పెట్టు మహానుభావా, నా చెవి తెగుతుంది!" అంది ఆవిడ.

ఆఖరున బోను బండి వచ్చింది. ఆర్డిత్ పలక తిప్పింది. ఎర్ర వైపు. ఎమెట్ ఆపాడు.

"ఏమైందండీ?"

"కూర్చో. కదలకు."

ఆవిడ బండి వెనక్కి నడిచింది. జారుడు తలుపు పైకెత్తి, ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని, వంగి, ఆ ఇనప చీకటిలోకి చివరి దాకా చూసింది. ఎక్కడా ఎవరూ నిద్రపోయి లేరు.

"ఖాళీ" అంది, పైకే.

తలుపు దించి, బండి వీపు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచింది.